ఆరు దేశాల ఇంటర్వ్యూ

ఇంగ్లండ్ వెళ్లొచ్చానని తెలియగానే మా ఏలూరులో అందరూ అడిగిన మొదటి ప్రశ్న, "రాణీగారి కోట చూశారా?" అని. చూడలేదు. పెద్ద గడియారం? బస్సులోంచి దాని వీపు కనిపించింది. మరి ఏం చూశారు? ఉద్యోగ కార్యాలయాలు చూశాను. ఈ మాట అనగానే ఎదుటివాళ్ల ముఖంలో జాలి కనిపించేది. అంత దూరం వెళ్లి కూడా ఆఫీసే చూసొచ్చిన మనిషి మీద ఎవరికైనా జాలే కలుగుతుంది. కానీ అక్కడ నేను చూసింది ఏ కోటలోనూ పెట్టరు. అందుకే రాస్తున్నాను.

నేను ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజిలో అధికారిని. ఇరవై ఆరేళ్లుగా ఉద్యోగం లేనివాళ్ల పేర్లు రాసుకోవడమే నా ఉద్యోగం. యూరప్ దేశాల కూటమిలో పది కొత్త దేశాలు చేరిన మరుసటి ఏడాది, అక్కడి ఉద్యోగ శాఖల అధికారులు కొందరు బ్రిటన్‌లో వారం పాటు తిరిగి, సంక్షేమ సంస్కరణలు చూసి నేర్చుకోవాలని ఒక కార్యక్రమం పెట్టుకున్నారు. బయటి దేశం నుంచి ఒక పరిశీలకుణ్ణి కూడా పిలిచారు. పిలుపు హైదరాబాదులోని మా డైరెక్టరు గారికి వచ్చింది. బయల్దేరడానికి నెల ముందు ఆయన బాత్రూములో జారి మడమ విరగ్గొట్టుకున్నారు. మస్కట్‌లోని చెల్లెలి దగ్గరికి వెళ్దామని పాస్‌పోర్టు తీయించుకుని, వెళ్లకుండా ఉండిపోయిన దాన్ని నేను. శాఖలో పాస్‌పోర్టు చేతిలో ఉన్నది నాకే కాబట్టి నన్ను పంపారు. నా అర్హత అంతవరకే.

ఇల్ఫర్డ్

శనివారం దిగాను. సోమవారం దాకా మా మరిది స్నేహితుడి ఇంట్లో ఉన్నాను. ఊరు లండన్‌కు తూర్పున. వీధి చివర గుజరాతీ పెద్దాయన దుకాణంలో దొండకాయలు, కరివేపాకు, మునక్కాడలు అన్నీ ఉన్నాయి. ఒక్క మునక్కాడ ధర రూపాయల్లోకి మార్చి చూసుకుని, తీసింది తీసినట్టే తిరిగి ఆయన బుట్టలో పెట్టేశాను. ఆయన నవ్వాడు.

"కొత్తగా వచ్చారా? ఏ పని మీద?"

"మీ దేశంలో నిరుద్యోగం చూడ్డానికి."

ఆయన నన్ను పైనుంచి కిందకు చూశాడు. "ఇండియా నుంచి ఇక్కడికొచ్చా?"

ఆయన తలుపు మీద 'సహాయకుడు కావలెను' అని చీటీ ఉంది. ఎవరూ రావడం లేదా అని అడిగాను. "వస్తారు బెహన్‌జీ. వారానికి ఇద్దరు ముగ్గురు వస్తారు. పనికి కాదు. 'నేను పని అడిగానని ఒక కాగితం మీద రాసివ్వండి' అంటారు. రాసిస్తాను. నిరుద్యోగ భృతి ఇచ్చే ఆఫీసులో నా చేతిరాత అందరికీ పరిచయమే."

మొదటి పాఠం మునక్కాడల మధ్యనే అయిపోయింది. మిగతా వారమంతా దానికి వ్యాఖ్యానం.

లండన్, సమావేశపు గది

ఫిన్లాండ్, పోలండ్, పోర్చుగల్, గ్రీసు, ఐర్లండ్ నుంచి ఒక్కొక్కరు వచ్చారు. ఆరో కుర్చీ నాది. దాని ముందు అట్టముక్క మీద ఇంకా మా డైరెక్టరు గారి పేరే ఉంది. మమ్మల్ని తిప్పే అధికారి పేరు మార్టిన్. నలభై దాటిన మనిషి, చాలా మర్యాదస్తుడు, ఏ ప్రశ్న అడిగినా ముందు "చాలా మంచి ప్రశ్న" అనేవాడు. ఆ తర్వాత జవాబు ఉండేది కాదు.

ఆయన చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది. కూటమి ప్రధాన కార్యాలయమున్న బ్రస్సెల్స్‌లో అందరూ కూర్చుని, నిరుద్యోగం తగ్గించడానికి ఏం చేయాలో మార్గదర్శకాలు రాస్తారు. కుర్రాళ్లకయితే ఆరు నెలలు, పెద్దవాళ్లకయితే పన్నెండు నెలలు ఖాళీగా గడవకముందే శిక్షణో, పనో, ఏదో ఒక 'కొత్త ఆరంభం' చూపించాలి. ప్రతి దేశమూ తానేం చేసిందో రాసి పంపాలి. రాసింది మిగతా దేశాలు చదివి వ్యాఖ్యలు చేస్తాయి. బాగా చేసినవాళ్ల దగ్గరికి మిగతావాళ్లు వచ్చి చూసి నేర్చుకోవాలి. మేం వచ్చింది అందుకే.

"చేయకపోతే?" అని పోలండ్ నుంచి వచ్చిన దనూతా అడిగింది. నా వయసుదే. నోట్సు పుస్తకం ముందు రోజే సగం నింపేసింది.

"ఏమీ లేదు. ఇందులో బలవంతమే లేదు. ఇది సలహా మాత్రమే."

"మరి మా మంత్రికి నిద్ర ఎందుకు పట్టడం లేదు?"

"చాలా మంచి ప్రశ్న," అన్నాడు మార్టిన్.

ఐర్లండ్ ఆయన ఇంకొకటి అడిగాడు. ఈ సంస్కరణలు బ్రిటన్ బ్రస్సెల్స్ నుంచి నేర్చుకుందా, బ్రస్సెల్స్ బ్రిటన్ నుంచి నేర్చుకుందా? మార్టిన్ మొదటిసారి మనస్ఫూర్తిగా నవ్వాడు. ఇక్కడి జనానికి ఇవి మన సొంత ఆలోచనలని చెబుతారట. బ్రస్సెల్స్‌కు రాసేటప్పుడు మీ మార్గదర్శకాల ప్రకారమే చేశామని రాస్తారట. రెండు చోట్లా మార్కులు పడతాయి. నాకు ముచ్చటేసింది. మేం కూడా పాత పథకానికి కొత్త పేరు పెడతాం కానీ, ఒకే పథకాన్ని ఒకే రోజు ఇద్దరికి కొత్తదని చెప్పేంత నేర్పు మాకింకా రాలేదు.

నార్తాంప్టన్

ఇక్కడి జాబ్ సెంటర్ పనిలో మా ఎక్స్ఛేంజి లాంటిదే, చూడ్డానికి కాదు. రంగురంగుల సోఫాలు, నేల మీద తివాచీ, కౌంటరుకు అద్దం లేదు, జాలీ లేదు. మా ఆఫీసులో కిటికీకి ఊచలుంటాయి. ఎవరి రక్షణకో ఇన్నేళ్లయినా తేలలేదు. నిరుద్యోగిని ఇక్కడ 'కస్టమర్' అంటారు. ఏమీ కొనలేనందుకే అక్కడికొచ్చిన మనిషికి ఆ పేరు! పదిహేను రోజులకొకసారి, ఇచ్చిన రోజున, ఇచ్చిన నిమిషానికి వచ్చి, పని వెతుకుతున్నానని సంతకం పెట్టాలి. అప్పుడే భృతి. మా దగ్గర మూడేళ్లకొకసారి కార్డు రెన్యువల్ చేయించుకుంటే చాలు. అయితే మేం భృతీ ఇవ్వం, ఉద్యోగమూ ఇవ్వం, కాబట్టి తొందరేం లేదు.

సాయంత్రం హోటలు కింద ఒకాయన నాకోసం నిలబడి ఉన్నాడు. పేరు శ్రీనివాస్, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. భీమడోలు కుర్రాడు. నేను వస్తున్నానని ఎవరో చెబితే వెతుక్కుంటూ వచ్చాడు.

"గుర్తుపట్టలేదా మేడం? మీ దగ్గర పేరు రాయించుకున్నానండి. బీఎస్సీ అయిపోగానే. మీరే సంతకం పెట్టారు."

"ఉద్యోగం వచ్చిందా బాబూ?"

"మీ దగ్గర్నుంచి కాల్ లెటర్ ఇంకా రాలేదండి. చూస్తున్నానండి."

ఇంటికి తీసుకెళ్లి వాళ్లావిడ చేత వంకాయ కూర, మజ్జిగపులుసు పెట్టించాడు. ఎనిమిదేళ్ల కూతురు నన్ను పరీక్షగా చూసి అడిగింది: "డాడ్, ఈజ్ షీ ద లేడీ హూ డిడ్న్ట్ గివ్ యూ ఎ జాబ్?" తెలుగు అర్థమవుతుంది, బదులు మాత్రం ఇంగ్లీషే. తల్లి కళ్లెర్రజేసింది. నేను అవునమ్మా అని ఒప్పుకున్నాను. ఆ వారంలో నన్ను సూటిగా ప్రశ్న అడిగినదీ, సూటిగా జవాబు పొందినదీ ఆ పిల్ల ఒక్కతే.

గ్లాస్గో

హోటల్లో మా డైరెక్టరు గారి పేరున గది సిద్ధంగా ఉంది. కానీ నేను ఆయన కాదు. ఆయన వచ్చేదాకా ఆ గది ఎవరికీ ఇవ్వకూడదట. ఆయన మడమ సంగతి ఎంత చెప్పినా రిసెప్షన్ అమ్మాయి సానుభూతి చూపించింది, తాళం చెవి ఇవ్వలేదు. అదృష్టవశాత్తూ మా టైపిస్టు చెల్లెలు రూతు ఈ ఊళ్లోనే ఉంటుంది. వృద్ధుల కేర్ హోమ్‌లో నర్సు. ఆమెకని తెచ్చిన గోంగూర పచ్చడి సీసా నా పెట్టెలోనే ఉంది. సీసాతో పాటు నేనూ చేరాను. పాత రాతి భవనం, మూడో అంతస్తు, చీకటి మెట్లు, లోపల వెచ్చటి ఇల్లు.

"హోటలేంటాంటీ, మేం లేమా? నా రోటా, అదే నా డ్యూటీ, రేపు మధ్యాహ్నం నుంచి. పొద్దున్నంతా ఖాళీయేనండి," అంది రూతు. స్కాట్లండ్ సముద్రంలో దొరికిన చేపలతో భీమవరం పులుసు పెట్టింది. చేపకు తేడా తెలిసినట్టు లేదు.

అంతకుముందు ఆ పగలే ఈ ప్రయాణంలో అసలు ఘట్టం జరిగింది. స్టేషన్ నుంచి నేరుగా మమ్మల్ని ఒక జాబ్ సెంటర్‌కు తీసుకెళ్లి, పై అంతస్తు గదిలో బిస్కెట్ల ముందు కూర్చోబెట్టారు. శిక్షణ కార్యక్రమం నడిపే ఆవిడ ఒక మనిషిని తెచ్చి మా ముందు కూర్చోబెట్టింది. పేరు హ్యూ. యాభై నాలుగేళ్లు. నౌకలు కట్టే యార్డులో వెల్డరుగా చేశాడు, అది మూతపడింది. గోడౌన్‌లో చేరాడు, అదీ మూతపడింది. ఇస్త్రీ చొక్కా, టై, మోకాళ్ల మీద పెద్ద పెద్ద చేతులు. మా ఆరు దేశాల వాళ్లం గంటసేపు ఆయన్ని ప్రశ్నలడిగాం. ఆయన గ్లాస్గో ఇంగ్లీషు నాకే కాదు, లండన్ నుంచి వచ్చిన మార్టిన్‌కూ సగం అర్థం కాలేదు. పక్కనున్న ఐర్లండ్ ఆయన మెల్లగా మాకు ఇంగ్లీషు నుంచి ఇంగ్లీషులోకి చెబుతూ వచ్చాడు.

"ఎన్నిసార్లు శిక్షణ పొందారు?" అని దనూతా అడిగింది.

"ఇది నాలుగోసారి. పదకొండో నెల రాగానే ఉత్తరం వస్తుంది. రెండు వారాలు సీవీ రాయడం నేర్పిస్తారు. నా సీవీ ఇప్పుడు చాలా బాగుంటుంది."

"తర్వాత?"

"తర్వాత మళ్లీ మొదటి నెల."

శిక్షణలో ఉన్న రెండు వారాలు ఆయన నిరుద్యోగి కాదు. బయటికొచ్చాక కొత్త నిరుద్యోగి. పన్నెండు నెలలు ఎప్పటికీ నిండవు. ఏడాది పైబడి పని లేనివాళ్ల గడిలో ఆయన పేరు ఎక్కదు. గోడ మీది గ్రాఫులో గీత కిందికి దిగుతుంది, బ్రస్సెల్స్ మెచ్చుకుంటుంది, దనూతా దాన్ని తన పుస్తకంలో ఎక్కించుకుని తన దేశం తీసుకెళుతుంది.

నేను ఎవరినీ వెక్కిరించే స్థితిలో లేను. మా రిజిస్టరులోనూ అదే పని చేస్తాం. రెన్యువల్ చేయించని పేర్లు కొట్టేస్తాం, నిరుద్యోగం తగ్గిందని రాసి పంపుతాం. మాకు బ్రస్సెల్స్ లేకపోవడం వల్ల హైదరాబాదు మెచ్చుకుంటుంది.

తలుపు తట్టిన మనిషి

సాయంత్రం ఆరింటికి రూతు ఇంటి తలుపు ఎవరో తట్టారు. తీస్తే హ్యూ. టై లేదు. ఆయన కింది ఫ్లాటులోనే ఉంటాడని అప్పుడు తెలిసింది.

"మా హీటింగ్ ఆగిపోతే ఈయనే చూస్తాడాంటీ, మంచోడు," అంది రూతు. తర్వాత ఆయన చెబుతుంటే వింటూ, గ్లాస్గో ఇంగ్లీషును భీమవరం తెలుగులోకి మార్చి నాకు చెప్పింది.

ఆ రోజు మధ్యాహ్నం మూడు గంటలకు పది నిమిషాల ముందు హ్యూ సంతకం పెట్టాల్సిన సమయం. అదే భవనంలో, కింది అంతస్తులో. ఆయన ఆ మాట ముందే చెప్పాడు. "నేను కింద చెప్పి ఉంచుతాను, మీరు అతిథులతో ఉండండి," అందట శిక్షణ ఆవిడ. చెప్పలేదు. మేం వెళ్లిపోయాక ఆయన కిందికి దిగేసరికి సమయం దాటిపోయింది. సరైన కారణం చూపకపోతే ఆయన పేరు కొట్టేస్తారు. భృతి ఆగుతుంది, దాంతో పాటు కౌన్సిల్ ఇచ్చే అద్దె సాయమూ ఆగుతుంది.

"మిమ్మల్ని మెట్ల మీద చూశాను," అన్నాడాయన నాతో. "నాకు డబ్బు సాయం వద్దు. నేనెక్కడున్నానో మీకు తెలుసు. ఆ ఒక్క మాట వాళ్లకు చెబితే చాలు."

నాకు ఒక ముఖం గుర్తొచ్చింది. పోలవరం వైపు నుంచి వచ్చిన అమ్మాయి. కాన్పు వల్ల గడువు దాటిన పదకొండు రోజులకు కార్డు పట్టుకుని, చంటిబిడ్డతో వచ్చింది. ఏడేళ్ల సీనియారిటీ. నియమంలో కాన్పు అనే మాట లేదని నేను కొట్టేశాను. ఆ అమ్మాయి అరవలేదు, ఏడవలేదు. "సరేనండి" అని వెళ్లిపోయింది. ఇన్నాళ్లూ ఆ "సరేనండి"ని నేను మర్చిపోయాననుకున్నాను.

"రేపు తొమ్మిదింటికి వస్తాను," అన్నాను హ్యూతో.

కౌంటరు దగ్గర

తిరుగు రైలు తొమ్మిదీ నలభైకి. మార్టిన్‌కు ఫోన్ చేసి విషయం చెప్పాను. ఇది స్థానిక వ్యవహారమనీ, అతిథులు కల్పించుకోవడం బాగుండదనీ అన్నాడు. మీరే వచ్చి ఆ మాట చెబితే నేను వెళ్లక్కర్లేదన్నాను. రైలు తప్పిపోతుందన్నాడు. తప్పిపోనివ్వండన్నాను. ఇరవై ఆరేళ్ల సర్వీసులో పై అధికారితో అలా మాట్లాడటం అదే మొదలు. ఆయన నా పై అధికారి కాకపోవడం కలిసొచ్చింది. పొద్దున రూతును, హ్యూను వెంటబెట్టుకుని వెళ్లాను; విషయం తెలిసి దనూతా తన పెట్టెతో సహా వచ్చేసింది.

కౌంటరులో ఇరవై ఐదేళ్ల అమ్మాయి. చాలా మర్యాదగా విన్నది. శిక్షణ ఆవిడ ఆ రోజు వేరే ఊళ్లో ఉంది. అమ్మాయి తెర మీద జాబితా చూపించింది: అనారోగ్యం, అంత్యక్రియలు, కోర్టు పిలుపు, ఉద్యోగపు ఇంటర్వ్యూ. ఈ నాలుగింటిలో ఒకటి కావాలట.

"ఇదే భవనంలో, పైన ఉన్నాడమ్మా. మేమే సాక్షులం," అన్నాను.

"నాకు తెలుసు డియర్. కానీ దానికి గడి లేదు."

ఆ మాట ఎన్నివేల సార్లు నేను అనలేదు! ఆ అమ్మాయి కుర్చీలో నన్ను నేను చూసుకున్నట్టయింది. అప్పుడు దనూతా బల్ల మీద రెండు చేతులూ ఆనించి, "ఆరు దేశాల అధికారులం గంటసేపు ప్రశ్నలడిగాం. దాన్ని మీ భాషలో ఏమంటారు?" అంది.

అమ్మాయి మళ్లీ తెర మీది జాబితా చూసింది.

"ఇంటర్వ్యూ అంటారు," అన్నాను నేను.

"పని గురించేనా?"

"మొదట్నుంచి చివరిదాకా పని గురించే."

అమ్మాయి అటూ ఇటూ చూసి టైపు చేయడం మొదలెట్టింది. "ఇంటర్వ్యూ చేసినవాళ్లు?" నా విజిటింగ్ కార్డు ఇచ్చాను. దనూతా తనది ఇచ్చింది. "ఏ ఉద్యోగానికి?"

హ్యూ గొంతు సవరించుకున్నాడు. "నిరుద్యోగి ఉద్యోగానికి. ఈ ఊరు మొత్తంలో నన్నే ఎంపిక చేశారు."

రూతు పగలబడి నవ్వింది. అమ్మాయి కింది పెదవి కొరుక్కుంటూ 'సాధారణ పని' అని కొట్టింది. పేరు కొట్టేయలేదు. భృతి నిలబడింది. బయటికొచ్చాక హ్యూ మా ఇద్దరి చేతులూ గట్టిగా పట్టుకుని ఊపాడు. రెండు గంటలు ఆలస్యంగా ఇంకో రైలెక్కాం. సీట్లు లేవు. దనూతా పెట్టె మీద వంతులవారీగా కూర్చున్నాం.

మూడు వారాల తర్వాత అందులో ఇంకో మలుపు వచ్చిందని రూతు చెప్పింది. ఆ ఉద్యోగం ఎందుకు రాలేదో, తనలో ఏ లోపం వల్ల ఎంపిక కాలేదో రాసివ్వమని హ్యూకు ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చిందట. ప్రయాణపు ఖర్చు దృష్ట్యా తానే వద్దనుకున్నానని రాద్దామా అనుకుని, అలా రాస్తే పని తిరస్కరించినట్టవుతుందని మానేశాడట.

లండన్, ముగింపు

చివరి సమావేశంలో ఒక్కొక్కరం ఏం నేర్చుకున్నామో చెప్పాలి. ఫిన్లాండ్ ఆయన సోఫాలను మెచ్చుకున్నాడు. దనూతా లేచి, "పదకొండో నెల గురించి మా దేశంలో అందరికీ చెబుతాను," అని కూర్చుంది. అది పొగడ్తో తిట్టో తెలియక అందరూ చప్పట్లు కొట్టారు. నేను హ్యూ సంగతి మొదట్నుంచీ చెప్పాను. సమావేశపు నివేదికలో అది 'స్థానిక సమాచార లోపం' అయింది.

టీ దగ్గర మార్టిన్ నా పక్కకు వచ్చాడు. "నన్ను దుర్మార్గుడనుకోకండి. వచ్చే నెల ఆ పట్టిక బ్రస్సెల్స్‌కు వెళ్లాలి. గీత పైకి పోతే అడిగేది నన్నే." కాసేపాగి, "మా విభాగం కూడా సంస్కరణలోనే ఉంది. నా ఉద్యోగానికి నేనే మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి," అన్నాడు.

"సీవీ రాశారా?" అని అడిగాను. వెక్కిరించాలనే అడిగాను. కానీ ఆయన "ఇంకా లేదు, ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు," అనేసరికి ఆయన కప్పులో ఇంకాస్త టీ పోశాను.

ఏలూరు

మా డైరెక్టరు గారి మడమ అతుక్కుంది. నా నివేదిక చదివి, "ఇంత అనుమానం ఎందుకమ్మా, వాళ్లు ముందున్న దేశాలు," అన్నారు. రెన్యువల్ కాని పేర్లు ఇకపై నెలనెలా తీసేయాలని, ఇది యూరప్‌లో కూడా అమలవుతున్న మంచి పద్ధతని ఒక వాక్యం చేర్చమన్నారు. చేర్చనన్నాను. ఆయనే చేర్చుకున్నారు. కింద నా సంతకం లేదు కాబట్టి అది నా నివేదిక కాదు. అయినా ఉత్తర్వు మాత్రం నా పర్యటనను ఉదహరిస్తూనే వచ్చింది.

నేను చేయగలిగింది ఒకటే చేశాను. మా ఆఫీసులో రెన్యువల్ కాగితం చివర 'ఇతర కారణాలు' అని రాయించి, కింద అరపేజీ ఖాళీ వదిలించాను. ఏం రాసినా ఒప్పుకోమని గుమాస్తాలకు చెప్పాను. పోలవరం అమ్మాయి కోసం పాత రిజిస్టరులోని చిరునామాకు ఉత్తరం రాశాను. అది తిరిగొచ్చింది.

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చాక రూతు ఫోన్ చేసింది.

"ఆంటీ, మన హ్యూకి ఉద్యోగం వచ్చిందండి!"

"దేవుడు చల్లగా చూశాడు. ఎక్కడమ్మా?"

"అక్కడేనండి. ఆ సీవీ క్లాసు ఉంది కదా, దానికి ఈయన్నే టీచర్‌గా పెట్టారండి. నాలుగుసార్లు కూర్చున్నాడు కదా, పాఠమంతా నోటికొచ్చేసిందంట. మీకు చెప్పమన్నాడండి. చాలా సంతోషంగా ఉన్నాడు. కాకపోతే పదకొండు నెలల కాంట్రాక్టేనంట."

"ఆ తర్వాత?"

"నేనూ అదే అడిగానండి. 'ఆ తర్వాత బెంచీ అవతలి వైపు కూర్చుంటాను, ఈసారైనా టీచరు బాగా చెబుతాడేమో చూడాలి' అన్నాడు."